నదికి సాక్షి ఏ చేప? – రసాయన కాలుష్యం, స్థానిక మత్స్యజాతుల పరీక్ష

డ్యూసెల్‌డార్ఫ్ నగరానికి పేరునిచ్చినది డ్యూసెల్ అనే చిన్న వాగు. నీరునిచ్చినది మాత్రం రైన్ మహానది. 1870లో నగర దక్షిణభాగాన ఫ్లేహె వద్ద తొలి జలకేంద్రం వెలసినది. నదిలోని నీటిని నేరుగా తోడక, ఒడ్డున తవ్విన బావులలోనికి ఇసుక, కంకర పొరల గుండా వడకట్టబడి చేరే నీటిని సేకరించటం అక్కడి పద్ధతి. ఆ పద్ధతి మూలసూత్రం నేటికీ మారలేదు. అయితే ఆ నది డ్యూసెల్‌డార్ఫ్ చేరేలోగా బాసెల్, లుడ్విగ్స్‌హాఫెన్, లెవర్‌కూజెన్ వంటి రసాయన పరిశ్రమల కేంద్రాలను దాటి వస్తుంది. నగరపు హోల్ట్‌హౌజెన్ పేటలోనే డిటర్జెంట్ల పరిశ్రమ నూరేళ్లకు పైబడి నడుస్తున్నది. కాబట్టి ఈ నీటిలో విషమెంత అన్నది ఇక్కడి పౌరులకు ప్రయోగశాలకు పరిమితమైన చర్చ కాదు. ప్రతి గృహంలోని కుళాయికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు రసాయన శాస్త్రవేత్త ఇవ్వగల సమాధానం సగమే. నీటిలో ఫలానా పదార్థం లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములున్నదని అతని పరికరాలు చెప్పగలవు. కాని వెతికినవాటిని మాత్రమే అవి చూపుతాయి. నూరు పదార్థాలు కలిసి ఒక ప్రాణిపై ఏమి చేస్తాయో అవి చెప్పలేవు. ఆ రెండవ సగం కోసం మానవుడు ఆశ్రయించిన సాక్షి చేప. నీటిలోనే పుట్టి, నీటినే మొప్పలతో పీల్చి జీవించే ప్రాణి కంటె నీటి గుణాన్ని చెప్పగలవారెవరు? తర్కం బాగానే ఉన్నది. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, ఏ చేప అన్న దగ్గర.

రెండు దుర్ఘటనలు

రైన్ చరిత్రలో రెండు సంఘటనలు ఈ చిక్కును ప్రత్యక్షంగా చూపించాయి. మొదటిది 1969 జూన్ నాటిది. మధ్య రైన్ నుండి హాలండు వరకు నదిలో లక్షలాది చేపలు తెల్లగా తేలి మరణించాయి. హాలండు వారు నది నుండి తాగునీరు తీసుకోవటం ఆపివేశారు. కారణం ఎండోసల్ఫాన్ అనే క్రిమిసంహారకమని తేలినది. ఆంధ్రదేశపు పత్తి రైతుకు చిరపరిచితమైన ఆ మందే.

ఎంత మందు పడితే అంత ఘోరం జరుగుతుంది? ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. డ్యూసెల్‌డార్ఫ్ వద్ద రైన్ ప్రవాహం సగటున సెకనుకు 2,000 ఘనమీటర్లకు పైమాటే. రెయిన్‌బో ట్రౌట్ వంటి సున్నితమైన చేపలను లీటరు నీటిలో ఒకటి రెండు మైక్రోగ్రాముల ఎండోసల్ఫాన్ చంపగలదు. లీటరుకు ఒక మైక్రోగ్రామనుకొంటే, సెకనుకు 2 గ్రాములు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి సుమారు 173 కిలోలు. అంగళ్లలో అమ్మిన 35 శాతం ద్రావణం లెక్కన అది దాదాపు 500 లీటర్లు. అనగా రెండున్నర డ్రమ్ములు! ఇంతటి మహానదిని ఒక పగలు, ఒక రాత్రి చేపలకు ప్రాణాంతకం చేయటానికి ఆ రెండున్నర డ్రమ్ములు చాలును. ఆ సమయంలో నది రంగు మారదు, వాసన మారదు. మనుష్యులకు ఏ సంకేతమూ అందదు. చేపకు మాత్రమే తెలుస్తుంది.

రెండవది 1986 నవంబరు 1న జరిగినది. స్విట్జర్లాండులో బాసెల్ పక్కనున్న ష్వైట్సర్‌హాలె వద్ద సాండోజ్ సంస్థ గిడ్డంగి తగులబడినది. అందులో సుమారు 1,350 టన్నుల రసాయనాలున్నవి. మంటలార్పటానికి చల్లిన నీటితోబాటు ముప్ఫై టన్నుల వరకు క్రిమిసంహారకాలు, వాటితో కొంత పాదరస సమ్మేళనాలు నదిలో కలిశాయి. డైసల్ఫోటాన్, థయోమెటాన్ అనే సేంద్రియ ఫాస్ఫేటు మందులు వాటిలో ముఖ్యమైనవి. గిడ్డంగిలోని రంగు పదార్థం వలన నది ఎర్రబారినది. బాసెల్ నుండి డ్యూసెల్‌డార్ఫ్‌కు నదీమార్గాన 575 కిలోమీటర్ల దూరం. విషపు అల దిగివస్తున్న కొలదీ దారి పొడవునా జలసంస్థలు తమ బావులను మూసుకొంటూ పోవలసి వచ్చినది.

ఆ దుర్ఘటనలో దాదాపు 400 కిలోమీటర్ల మేర మరణించిన చేపలలో అధికసంఖ్యాకమైనవి పామును పోలిన ఈల్ చేపలు. వాటి సంఖ్య లక్షన్నరగా అంచనా వేశారు. ఈల్ నది అడుగున, బురదలో, రాళ్ల సందులలో నివసిస్తుంది. ఇక్కడ గమనించదగిన విషయమొకటి ఉన్నది. ఆనాడు గాని, ఈనాడు గాని విషపరీక్షలకు సిఫారసు చేయబడిన చేపల పట్టికలో ఈల్ లేదు. నదిలో ఎక్కువగా చనిపోయినదొక చేప; ప్రయోగశాలలో పరీక్షకు నిలిచినది వేరొక చేప.

కొలత ఎట్లా తీస్తారు?

పద్ధతి తెలియని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. ఒకే వయసు, ఒకే పరిమాణం గల చేపపిల్లలను కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచి అలవాటు చేస్తారు. తరువాత ఐదారు గాజుతొట్లలో విషపదార్థాన్ని క్రమంగా పెరిగే మోతాదులలో కలుపుతారు. ఉదాహరణకు లీటరుకు 1, 2, 4, 8, 16 మిల్లీగ్రాములు. ఒక తొట్టిలో ఏమీ కలపరు. అది పోలిక కొరకు. అంతర్జాతీయంగా పాటించే ఓఇసిడి 203వ పద్ధతి ప్రకారం ప్రతి తొట్టిలో కనీసం ఏడు చేపలుండాలి. 96 గంటలు, అనగా నాలుగు దినాలు వాటిని గమనిస్తారు. సగం చేపలు మరణించే మోతాదు ఎంతో గణితం ద్వారా నిర్ణయిస్తారు. దానికే 'ఎల్‌సి50' అని పేరు. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రమైనదన్న మాట.

ఈ సంఖ్యను చూచి చాలామంది పొరబడే సంగతి ఒకటున్నది. లీటరుకు 8 మిల్లీగ్రాముల వద్ద సగం చేపలు చస్తాయంటే, 4 మిల్లీగ్రాముల వద్ద అన్నీ సుఖంగా ఉంటాయని కాదు. చావకపోవటం వేరు, బ్రతకటం వేరు. మేత మానివేసిన చేప, గుడ్లు పెట్టలేని చేప, శత్రువును గుర్తించలేక దిక్కుతోచక తిరిగే చేప నాలుగు రోజుల పరీక్షలో 'బ్రతికిన' పద్దులోనే చేరుతాయి. అందువలననే ఐరోపాలో ఒక పదార్థానికి స్వల్పకాలిక మరణపరీక్షల ఫలితాలు మాత్రమే ఉన్నప్పుడు, వాటిలో కనిష్ఠ సంఖ్యను వెయ్యితో భాగించి, ఆ వచ్చిన విలువనే నదికి సురక్షితమైన హద్దుగా తాత్కాలికంగా స్వీకరిస్తారు. ఆ వెయ్యి అన్నది ప్రకృతి నియమమేమీ కాదు. మన అజ్ఞానానికి మనమే కట్టుకొన్న వెల.

బంగారు ఓర్ఫె

పశ్చిమ జర్మనీలో 1976లో ఒక చట్టం వచ్చినది. నదులలోనికి మురుగునీటిని వదిలేవారు, ఆ నీరు చేసే హానిని బట్టి సుంకం చెల్లించాలన్నది దాని సారాంశం. 1981 నుండి వసూలు మొదలైనది. హానిని కొలిచే కొలబద్దలలో ఒకటి చేపలపై విషప్రభావం. ఇందుకు ఎంపిక చేసిన చేప గోల్డోర్ఫె, అనగా బంగారు ఓర్ఫె. రైన్ వంటి మధ్య ఐరోపా నదులలో సహజంగా నివసించే ఓర్ఫె అనే చేపకు తోటల కొలనులలో పెంచే బంగారు రంగు రూపమిది. మన కట్ల, రోహు, పరిగె చేపల వంశానికి చెందినదే. స్థానిక జాతి, సులభంగా లభించేది, పెంచటానికి అనువైనది. ఎంపికలో తప్పు పట్టటానికేమీ లేదు.

పరీక్ష సరళమైనది. మురుగునీటిని శుభ్రమైన నీటితో రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా పలుచన చేస్తూ పోతారు. 48 గంటలలో ఏ చేపా చావని కనిష్ఠ పలుచదనమే ఫలితం. మూడింతల వద్ద చేపలు చచ్చి, నాలుగింతల వద్ద అన్నీ బ్రతికితే ఆ నీటి విషాంకం 4. చట్టం ప్రకారం 3,000 ఘనమీటర్ల నీటిని ఈ అంకెతో భాగించగా వచ్చినంత నీరు ఒక 'హాని యూనిట్'. ఒక యూనిట్‌కు సుంకం 1981లో 12 మార్కులు. 1986 నాటికి 40. 1997లో 70 మార్కులకు చేరినది. యూరో వచ్చిన తరువాత అదే 35.79 యూరోలుగా మారినది.

ఇప్పుడొక కర్మాగారం సంవత్సరానికి ముప్ఫై లక్షల ఘనమీటర్ల నీటిని వదులుతున్నదనుకొందాము. విషాంకం 4 అయితే 750 ఘనమీటర్లకొక యూనిట్ చొప్పున 4,000 యూనిట్లు. రమారమి 1,43,000 యూరోలు. విషాంకం 2కు తగ్గితే ఈ పద్దు కింద ఏమీ చెల్లించనక్కరలేదు, చట్టం అంతవరకు మినహాయిస్తుంది. శుద్ధి ప్రక్రియలో తగిన ప్రమాణాలు పాటించేవారికి సుంకంలో రాయితీలున్నవి. వాటి వివరాలు ఇక్కడ అనవసరం. ముఖ్యమైన విషయం వేరు. ఒక చిన్న చేప ప్రాణం నిలవటం, నిలవకపోవటం అన్నది కర్మాగారపు ఆయవ్యయ పట్టికలో అంకెగా మారినది. నీతివాక్యాలు చేయలేని పనిని ఆ అంకె చాలావరకు చేసినదని చెప్పక తప్పదు.

ఇక్కడ డిటర్జెంట్ల ఉదంతం కూడ కొంత ప్రస్తావించదగినది. 1950లలో జర్మనీ నదులపై నురుగు గుట్టలుగా పేరుకొనేది. శాఖలున్న కార్బన్ గొలుసుతో తయారైన ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్లను బాక్టీరియాలు జీర్ణించుకోలేకపోవటమే అందుకు కారణం. 1961లో చట్టం చేసి, 1964 నుండి త్వరగా విచ్ఛిన్నమయ్యే పదార్థాలనే వాడాలన్నారు. అప్పుడు శాఖలు లేని సూటి గొలుసు పదార్థాలు వచ్చాయి. చిత్రమేమంటే, తాజాగా కలిపినప్పుడు ఈ సూటి గొలుసు పదార్థమే చేపకు ఎక్కువ విషం! కాని అది కొద్ది దినాలలో విచ్ఛిన్నమై ఆ గుణం కోల్పోతుంది. పాతది నెలల తరబడి నిలిచేది. గాజుతొట్టిలోని చేపను మాత్రమే అడిగి ఉంటే పాతదే మేలని సాక్ష్యం చెప్పి ఉండేది. చేప సాక్ష్యం అవసరమే, అయినా దానితో కాలం అనే మరొక సాక్షిని కూడ విచారించాలని ఈ ఉదంతం బోధిస్తుంది.

భారతదేశం నుండి వచ్చిన చేప

సుంకం కొరకు ఏటేటా వేలాది చేపలను చంపటంపై జర్మనీలో అభ్యంతరాలు పెరిగాయి. జంతుసంరక్షణ చట్టాల ఒత్తిడితో శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయం వెతికారు. 2001లో ప్రమాణీకరించబడి, 2005 నుండి సుంకం లెక్కకు ఓర్ఫె స్థానంలో ప్రవేశించినది చేపగుడ్ల పరీక్ష. అప్పుడే ఫలదీకరణ చెందిన గుడ్లను పలుచన చేసిన మురుగునీటిలో 26 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచి, పిండం ఎదుగుతున్నదా, తోక విడివడినదా, గుండె కొట్టుకొంటున్నదా అని సూక్ష్మదర్శినితో చూస్తారు. గుడ్డు గాజువలె పారదర్శకం. లోపలి గుండె కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. స్వయంగా మేత తినే దశకు చేరని పిండాన్ని ఐరోపా చట్టం ప్రయోగజంతువుగా లెక్కించదు.

ఆ గుడ్లు జీబ్రా చేపవి. ఒంటిపై నీలి చారలతో రెండంగుళాలకు మించని ఈ చేప భారత ఉపఖండపు వాగులకు, వరిపొలాల కాలువలకు చెందినది. గంగానది చేపలపై రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దీనిని మొదటిసారిగా వర్ణించాడు. ఏడాది పొడవునా గుడ్లు పెడుతుంది, మూడు నెలలలో పెద్దదవుతుంది, చిన్న తొట్టిలో ఒదుగుతుంది. ఇన్ని సౌకర్యాలున్న చేపను ప్రయోగశాలలు ఎందుకు వదులుకొంటాయి? అట్లా రైన్‌లో కలిసే మురుగునీటి మంచిచెడులను నేడు నిర్ణయిస్తున్నది భారతదేశపు చేప. ప్రవాస భారతీయులకు ఇది కొంత గర్వంగా తోచవచ్చును. రైన్‌లోని బార్బెల్‌కు, ఓర్ఫెకు, ఈల్‌కు ఆ గర్వంతో పనిలేదు.

గుడ్డు పరీక్షకు తనదైన బలహీనత కూడ ఉన్నది. గుడ్డు చుట్టూ ఉండే పొర పెద్ద అణువులను కొంత అడ్డుకొంటుంది. నాడీమండలంపై పనిచేసే విషాలను పిండం పెద్ద చేప అంతగా పసిగట్టలేదు. నాడులు పూర్తిగా ఏర్పడని ప్రాణిపై నాడీవిషం ప్రభావం తక్కువగా కనిపించటం సహజమే. ఎండోసల్ఫాన్, డైసల్ఫోటాన్ రెండూ నాడీవిషాలేనన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. రైన్‌పై ఈ లోటును కొంత పూరించేందుకు మురుగు గొట్టం వద్ద జరిగే పరీక్షతో ఆగక, నదినే అనుక్షణం కనిపెట్టే ఏర్పాట్లున్నవి. 1986 తరువాత బాడ్ హొనెఫ్ వద్ద, హాలండు సరిహద్దున క్లేవె-బిమ్మెన్ వద్ద నది నీటిని నిరంతరం ప్రవహింపజేసి, అందులో డాఫ్నియా అనే నీటిపురుగుల కదలికను యంత్రాలతో గమనించారు. కదలిక మారితే నీటి నమూనా వెంటనే రసాయన పరీక్షకు వెళుతుంది.

ఒక చేపకు మరొక చేపకు తేడా ఎంత?

ఇక అసలు ప్రశ్న. పరాయి చేపతో తీసిన కొలత స్థానిక చేపకు వర్తిస్తుందా?

దీనికి ఒక్కమాటలో జవాబు లేదు. అమెరికాలో అంతరించిపోయే ప్రమాదమున్న స్థానిక జాతులను రెయిన్‌బో ట్రౌట్‌తో పోల్చి చూచినప్పుడు, చాలా పదార్థాలకు ట్రౌట్ కూడ దాదాపు వాటంత సున్నితమైనదేనని తేలినది. కొన్ని పదార్థాలకు కొన్ని స్థానిక జాతులు ట్రౌట్ కంటె సున్నితంగా ఉన్నవి. కాబట్టి స్థానికమైన ప్రతిదీ అతి సుకుమారమని ముందే అనుకోరాదు. కణపొరలలో కరిగి మత్తు కలిగించే సాధారణ ద్రావణుల విషయంలో చేపకు చేపకు తేడా స్వల్పం. నరాలపైన, ఎంజైములపైన గురిపెట్టి పనిచేసే క్రిమిసంహారకాల విషయంలో ఆ తేడా పదుల రెట్లు, ఒక్కొక్కప్పుడు వందల రెట్లు ఉండవచ్చును.

ఈ తేడాకు మూలం చేప శరీరంలో ఎంత ఉన్నదో, అది బ్రతికే నీటిలో అంత ఉన్నది. ఉదాహరణకు అమ్మోనియా. నీటిలో ఇది రెండు రూపాలలో ఉంటుంది. విద్యుదావేశం గల అమ్మోనియం అయాన్ మొప్పల గుండా అంతగా దూరదు. ఆవేశం లేని అమ్మోనియా సులభంగా దూరి చేపను చంపుతుంది. ఏ రూపం ఎంత అన్నది పి.హెచ్., ఉష్ణోగ్రతలపై ఆధారపడి ఉంటుంది. పి.హెచ్. 8 గల నీటిలో 10 డిగ్రీల వద్ద మొత్తం అమ్మోనియాలో విషరూపం 1.8 శాతం మాత్రమే. 20 డిగ్రీల వద్ద 3.8 శాతం, 30 డిగ్రీల వద్ద 7.4 శాతం. అనగా చలికాలపు రైన్‌లో, వేసవి గోదావరిలో ఒకే మోతాదు మురుగు కలిస్తే గోదావరి చేప నాలుగు రెట్ల విషాన్ని ఎదుర్కొంటుంది. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ. ఊపిరి కోసం చేప మొప్పలను ఎక్కువగా ఆడించాలి. ఎంత నీరు మొప్పలను దాటితే అంత విషం రక్తంలోనికి చేరుతుంది. పన్నెండు డిగ్రీల వద్ద ట్రౌట్‌తో తీసిన సంఖ్యను పుస్తకంలో నుండి ఎత్తి కొల్లేటికి అన్వయించటం, డ్యూసెల్‌డార్ఫ్ చలికోటు కొలతలతో కాకినాడలో చొక్కా కుట్టించటం వంటిది.

చేప శరీరం సంగతి మరింత ఆసక్తికరం. మన కొర్రమీను, మట్టగిడస వంటి చేపలు నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు. తలలో మొప్పల పైభాగాన అందుకు ప్రత్యేకమైన అర ఉన్నది. నీరు చెడినప్పుడు అవి మొప్పలపై ఆధారపడటం తగ్గించి గాలితో నెట్టుకొస్తాయి. బుట్టలో వేసి సంతకు తెచ్చినా గంటల తరబడి బ్రతికి ఉండే చేప ఇది. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకొన్నది. రోహుకు, కట్లకు (ఊళ్లలో శీలావతి, బొచ్చె అంటారు) ఈ వెసులుబాటు లేదు. మొప్పలే గతి. అందువలన ఎన్నో క్రిమిసంహారకాలకు ఈ రెండు వర్గాల ఎల్‌సి50 సంఖ్యలు కొన్ని రెట్లు తేడాగా వస్తాయి. ఒకే చెరువులోని రెండు స్థానిక చేపలలో ఒకటి 'ప్రమాదం లేదు' అంటే, మరొకటి 'చస్తున్నాను' అంటుంది. స్థానిక చేపను పరీక్షించాలి అన్నంత మాత్రాన సరిపోదు. ఏ స్థానిక చేప అన్నది నిర్ణయించాలి.

తెలుగునేలపై పరీక్ష

ఇది మాటల తేడా కాదు, చట్టం తేడా. భారతదేశంలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1993లో ప్రకటించిన సాధారణ ప్రమాణాలలో ఒక నిబంధన ఉన్నది. పరిశ్రమ విడిచే నీటిలో, ఏ మాత్రం పలుచన చేయకుండానే, 96 గంటల తరువాత 90 శాతం చేపలు బ్రతికి ఉండాలి. చదవటానికి ఇది జర్మన్ నిబంధన కంటె కఠినం. అయితే ఆ వాక్యంలో ఉన్నది 'చేప' అన్న ఒక్కమాటే. కొర్రమీనుకు, రోహుకు తేడా తెలిసినవారెవరికైనా ఆ ఒక్కమాటలో ఎంత చోటున్నదో అర్థమవుతుంది. తరువాత భారతీయ ప్రమాణాల సంస్థ 2001లో జీబ్రా చేపతో పరీక్షావిధానాన్ని ప్రకటించి ఏకరూపతకు దారి చూపినది. ఏకరూపత వచ్చుట మంచిదే. అయినా జీబ్రా చేపను ఎవరూ వండుకొని తినరు. జాలరి వలకు ధర పలికేది రోహు, కట్ల, వాలుగ.

మన విశ్వవిద్యాలయాలలో ఈ పరిశోధనకు లోటులేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను, గుంటూరు సమీపాన నాగార్జున విశ్వవిద్యాలయంలోను జంతుశాస్త్ర విభాగాలు దశాబ్దాలుగా క్రిమిసంహారకాల ప్రభావాన్ని చేపలపై పరిశీలించాయి. పత్తి, మిరప పొలాల నడుమ ఉన్న గుంటూరు సీమలో ఈ పని జరగటం సముచితం. అయితే వెనుకటి ప్రయోగాలలో చాలావాటికి ఎంచుకొన్నది తిలాపియా. ఆఫ్రికాకు చెందిన, 1952లో మన దేశానికి తెచ్చిన చేప అది. ఎంత చెడ్డ నీటిలోనైనా బ్రతికి, పిల్లలు పెట్టి, స్థానిక జాతులను నెట్టివేసే మొండి ఘటం. సులభంగా దొరుకుతుందన్న కారణంతో దానిని సాక్షిగా నిలిపితే సాక్ష్యం ఎటు మొగ్గుతుందో ఊహించవచ్చును.

పటాన్‌చెరు ఉదంతం ఇందుకు మరొక కోణం చూపుతుంది. మంజీరలో కలిసే నక్కవాగు ప్రాంతపు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, దాదాపు తొంభై ఔషధ పరిశ్రమల నీటిని శుద్ధి చేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించగా, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించినది. మందు వేసుకొన్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ. ఆ నీటిని 500 రెట్లు పలుచన చేసి రెయిన్‌బో ట్రౌట్‌లను అందులో ఉంచినప్పుడు, చేపలు చావలేదు గాని వాటి కాలేయంలో విషాలను ఎదుర్కొనే ఎంజైము చురుకుదనం, జన్యువుల పనితీరు, రక్తంలోని ఫాస్ఫేటు మారిపోయాయని 2009లో ప్రకటించారు. మంజీర నీటి సంగతి స్వీడన్ ప్రయోగశాలలో ఉత్తర అమెరికా చేప చెప్పవలసి వచ్చినది! చెప్పినది విలువైన సాక్ష్యమే. మరణాన్ని మాత్రమే లెక్కించే పరీక్షకు ఆ మార్పు ఏదీ కనబడదు. అదే పలుచదనంలో మంజీర రోహుకు, జెల్లకు ఏమవుతుందన్నది ట్రౌట్ చెప్పగలిగిన విషయం కాదు.

ఎండోసల్ఫాన్ కథ 2011లో ముగింపుకు వచ్చినది. ఆ సంవత్సరం స్టాక్‌హోమ్ ఒడంబడిక దానిని నిషేధ జాబితాలో చేర్చినది. మే 13న సుప్రీంకోర్టు భారతదేశంలో దాని ఉత్పత్తిని, వాడకాన్ని నిలుపుదల చేసినది. రైన్‌లో చేపలు చచ్చిన నలబై రెండేళ్లకు. కేరళలోని కాసరగోడు ప్రజల ఆరోగ్యమే ఆ తీర్పుకు దారితీసినది గాని, చేపల సాక్ష్యం కాదు.

సాధ్యాసాధ్యాలు

రోహు, కట్లలను ప్రామాణిక పరీక్షాజాతులుగా తీసుకోవటానికి అడ్డంకి ఏమిటి? పిల్లల కొరత కాదు. కృష్ణా, గోదావరి జిల్లాలలోని హేచరీలు వాటిని కోట్లలో ఉత్పత్తి చేస్తున్నవి. ఒకే తల్లిదండ్రుల సంతతి, ఒకే వయసు పిల్లలు కావలసినన్ని దొరుకుతాయి. అసలు ఇబ్బంది ఋతువు. ఈ చేపలు వర్షాకాలంలోనే గుడ్లు పెడతాయి. హార్మోను సూదులతో కాలాన్ని కొంత పొడిగించవచ్చును గాని, జీబ్రా చేప వలె ప్రతి ఉదయం గుడ్లు అందవు. కాలుష్యం మాత్రం పన్నెండు నెలలూ పారుతుంది. రెండవది హేచరీ నీటిలోని మందుల ప్రభావం. వాటికి అలవాటుపడిన పిల్లలు నదిలోని పిల్లలకు సరియైన ప్రతినిధులు కావు. పొటాషియం డైక్రోమేట్ వంటి తెలిసిన విషంతో ప్రతి జట్టు పిల్లల సున్నితత్వాన్ని ముందుగా సరిచూచుకొంటే ఈ రెండవ లోపం చాలావరకు తీరుతుంది. అన్ని ప్రయోగశాలలలోను తక్కెడ రాళ్లను సరిచూచినట్లే ఇది కూడ.

రోజువారీ తనిఖీకి జీబ్రా గుడ్లనే వాడుకొంటూ, ముఖ్యమైన ప్రతి క్రిమిసంహారకానికి, ప్రతి ఔషధానికి ఒక్కసారైనా రోహుతోను, కట్లతోను, ఒక జెల్లతోను 28–30 డిగ్రీల వద్ద స్థానిక నదీజలంలో పరీక్ష చేసి, జీబ్రా అంకెకు, వీటి అంకెలకు నిష్పత్తి ఎంతో నమోదు చేయటం ఆచరణసాధ్యమైన మధ్యేమార్గం. ఆ నిష్పత్తుల పట్టిక ఉంటే తరువాతి తనిఖీలకు మరల రోహును చంపనక్కరలేదు. కొర్రమీనును, తిలాపియాను అనుమతి పరీక్షల నుండి తప్పించటానికి పట్టిక కూడ అవసరం లేదు. నిబంధనలో ఒక్క వాక్యం చాలు.

చేపను చంపకుండా స్థానిక జాతి సాక్ష్యం తీసుకొనే దారి కూడ తెరుచుకొన్నది. రెయిన్‌బో ట్రౌట్ మొప్పల నుండి పెంచిన కణాలపై విషాన్ని పరీక్షించే పద్ధతిని 2021లో ఓఇసిడి తన 249వ పద్ధతిగా ఆమోదించినది. ఒక గాజుపలకలోని చిన్న గుంటలలో కణాలను పెంచి, 24 గంటలు విషంలో ఉంచి, అవి జీవించి ఉన్నవో లేవో వెలుగునిచ్చే రంగులతో చూస్తారు. అంతకు ముందే తమిళనాడులో వేలూరు సమీపాన మేల్విశారంలోని కళాశాల పరిశోధకులు కట్ల, రోహు మొప్పల నుండి ఇటువంటి కణాలను పెంచి, వెండి నానోకణాల విషప్రభావాన్ని వాటిపై పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ భారతీయ చేపల కణాలను భద్రపరచి పరిశోధకులకు అందజేసే నిధిని నిర్వహిస్తున్నది. ట్రౌట్ కణాలు 19 డిగ్రీల ప్రాంతంలో పెరిగేవి. రోహు కణాలు 28 డిగ్రీల వద్ద పెరుగుతాయి. అనగా గోదావరి వేడి వద్దనే, గోదావరి చేప మొప్పనే అడిగి తెలుసుకోవచ్చును; వర్షాకాలం కోసం వేచి ఉండనక్కరలేదు.